మూడో బటన్

2008 జూలై 2, బుధవారం

ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు. మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే గానీ, చదవడం వచ్చినవాళ్లం అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ గూడూరు నుంచి పుదుచ్చేరికి కోడలిగా వస్తూ చీరలతో పాటు అక్షరాలు కూడా తెచ్చుకుంది. నాకు చెవి మెలిపెట్టి నేర్పింది. మిగతావాళ్లకు ఈ పేజీ తెరిచి ముందు పెట్టినా జిలేబీల పళ్లెమే కనబడుతుంది. అమ్మా, ఒకవేళ నువ్వు చదువుతుంటే ఇక్కడితో ఆపెయ్.

సంగతేమిటంటే, ఇవాళ పెదనాయన నాకొక పని ఒప్పజెప్పారు. పెదనాయన అంటే అంగడి, అంగడి అంటే పెదనాయన. బోర్డు మీద ‘సీతాపతి అండ్ బ్రదర్’ అని ఉంటుంది. ఆ బ్రదర్ మా నాన్న గిరిధర్. కౌంటరు దగ్గర పైపులూ కుళాయిలూ పెయింటు డబ్బాలూ అమ్ముతూ, అన్నగారు ఎటు తలూపితే అటు తలూపుతూ ఉంటారు.

“జననీ, అంగట్లో ఏదన్నా కావాలని రాసిచ్చే చీటీల్ని కంప్యూటర్లో నడిపించేది ఏందో వచ్చిండాదంట. చెన్నైలో అందురూ పెట్టుకుంటా ఉండారు. ఏది మేలో చూసి చెప్పు. ఒక్కడి మాట నమ్మొద్దు, ముగ్గుర్ని అడుగు,” అన్నారు పెదనాయన.

ఇన్నాళ్లూ నా ఎమ్‌సీఏని బిల్లులు టైపు చేయడానికే వాడుకున్నారు. ఉన్నట్టుండి ఇంత పని! నాకు అర్థమైంది, ఇది పరీక్ష. సేదరపేట్ ఫ్యాక్టరీలకు సరుకు పంపడానికి అక్కడే మన అంగడి కొత్త డిపో పెడుతోంది. దాన్ని నాకు అప్పగించమని చీటీ రాసిచ్చి నెలలైంది. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆలోచిస్తున్నారు. అంత పెద్ద విషయం ఆలోచించకుండా ఎవరు చెబుతారు? ఈ పని బాగా చేసి చూపిస్తే డిపో నాదే. నాకు డిపో కావాలి. ఇంత గట్టిగా ఇంతకుముందు ఏదీ కోరుకోలేదు.

జూలై 4, శుక్రవారం

“ఏంది నువ్వు చేస్తా ఉండేది?” అని అమ్మ అడిగింది.

“వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్లు పోల్చి చూస్తా ఉండానమ్మా. అంగట్లో చీటీలు ఒకరి దగ్గర్నించి ఇంకొకరి దగ్గరికి వాటంతట అవే పోతాయి.”

“కాళ్లు మొలుస్తాయా?”

“కంప్యూటర్లో పోతాయి. టెంపో నడిపే ఇరుసప్పన్ టైరు అడిగినాడనుకో. లెక్కలు చూసే సౌభాగ్యమక్క చూస్తుంది. అక్క సరేనంటే పెదనాయన చూస్తారు. ఆయన సరేనంటే టైర్ల కంపెనీకి ఆర్డరు తానే పోతుంది.”

“ఇప్పుడూ అట్లే కదా పోతా ఉండేది?”

“ఇప్పుడు నేను మోసుకోని పోతా ఉండా.”

అమ్మ గరిటె పక్కన పెట్టి, “అయితే అది వస్తే నీకేం పని?” అంది.

అమ్మలకు ఇలాంటి ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. డిపో ఉంది కదా అన్నాను. అమ్మ మళ్లీ గరిటె అందుకుంది.

జూలై 7, సోమవారం

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు మన పని ఎలా నడుస్తుందో రాసుకోవాలని ఇంటర్నెట్లో చదివాను. రాస్తున్నాను.

ఎవరికి ఏం కావాలన్నా చీటీ రాయాలి. అది సౌభాగ్యమక్క దగ్గరికి, అక్కడి నుంచి పెదనాయన బల్ల మీదికి పోతుంది. ఆయనకు ఇష్టమైతే పచ్చసిరాతో సంతకం పెట్టి అప్పుడే చేతికిస్తారు. ఇష్టం లేకపోతే బల్ల మీదున్న పాత తూకం రాయి కింద పెడతారు. అంతే, ఒక్క మాట అనరు. అడిగినవాళ్లు రోజూ వచ్చి రాయి వైపు చూసి పోతుంటారు. కొన్నాళ్లకు చూడటం మానేస్తారు.

ఆయన ‘లేదు’ అనరు. అంగట్లో ఎవరమూ అనం. సరుకు అయిపోతే ‘రేపొస్తుంది’ అంటాం. బియ్యం అయిపోతే అమ్మ ‘నిండుకున్నాయి’ అన్నట్టే ఇదీ. దీపం పెట్టిన చోట ఆ మాట పలికితే లక్ష్మి విని లేచి వెళ్లిపోతుందని తాత నమ్మకం. తాతకు నమ్మకం, పెదనాయనకు ఆచారం, నాన్నకు అలవాటు. బజారులో ఎవరి పని చెడినా ‘సీతాపతి రాయి కిందికి పోయింది’ అని నవ్వుకుంటారు.

నా చీటీ కూడా రాయి కిందే ఉంది. కానీ అది ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పెట్టింది.

జూలై 10, గురువారం

బెంగళూరు కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. ఈ ఉక్కలో టై! రెండు మాటలకొకసారి ‘ప్రాసెస్’ అంటాడు. అయినా చూపించింది మాత్రం ముచ్చటగా ఉంది. తెర మీద పెట్టెలు గీసి బాణాలతో కలిపితే చీటీ ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పాకుతూ పోతుంది. దానికి విడిగా ఒక పెద్ద కంప్యూటరు, ఆ కంప్యూటరుకు ఏసీ గది కావాలట. మా అంగట్లో పెదనాయనకే ఏసీ లేదు.

పెదనాయన అంతా విని, చిరునవ్వు నవ్వి, కాఫీ తెప్పించి, ఒక్క మాటా అనకుండా మెట్ల దాకా వచ్చి సాగనంపారు. టై అబ్బాయి ఆనందం పట్టలేకపోయాడు. “సార్‌కి బాగా నచ్చింది మేడమ్, చూశారా?” అన్నాడు నాతో.

పాపం.

జూలై 14, సోమవారం

రెండోది ఇంటర్నెట్లో ఉచితంగా దొరికేది. నేనే దించుకున్నాను. ఉచితం అంటే ఎవరినీ తిట్టే హక్కు లేకపోవడం అని ఇవాళ తెలిసింది. అమెరికా నుంచో జర్మనీ నుంచో ఎవరో రాసిన సహాయం పేజీలు చదివి చదివి కళ్లు మంటలెత్తాయి. బయట ఫ్రెంచివాళ్ల పండగ బ్యాండు మోగుతోంది, నేను లోపల ఒక్క బాణం కోసం కుస్తీ పడుతున్నాను. సాయంత్రానికి పెట్టె వచ్చింది, బాణం వచ్చింది, చీటీ మాత్రం బయల్దేరిన చోటే చతికిలబడింది. మా అంగడికి వచ్చి అప్పుడే అలవాటు పడిపోయినట్టుంది.

జూలై 17, గురువారం

మూడోది చెన్నైలో ఒక చిన్న కంపెనీది. అక్కడి నుంచి తిలగం వచ్చింది. సముద్రం పక్కన వచ్చే ఈసీఆర్ రోడ్డు బస్సులో, భుజాన జనపనార సంచీలో లాప్‌టాప్ వేసుకుని. సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్లలో ఆమె ఒకతె. అమ్మేదీ ఆమే, ఫోను చేస్తే ఎత్తేదీ ఆమే. మాట్లాడేది తమిళం. ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను గానీ, ఆ గొంతు చెవిలో తమిళంలోనే మోగుతోంది.

“పెట్టెలూ బాణాలూ తరువాత. ముందు ఒక చీటీ చూపించు. అది ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుందో చూడాలి,” అంది.

సౌభాగ్యమక్క పక్కన స్టూలు వేసుకుని పగలంతా కూర్చుంది. అక్క నిమ్మకాయ అన్నంలో సగం తినేసింది. గట్టిగా నవ్వుతుంది. మా అంగట్లో ఆడవాళ్లు అంత గట్టిగా నవ్వడం నాన్న ఇంతకుముందు విన్నట్టు లేదు. రెండుసార్లు కౌంటరు వదిలి వచ్చి చూసి పోయారు.

పెదనాయన బల్ల దగ్గర నిలబడి, “ఈ రాయి ఏమిటి?” అని అడిగింది.

“పేపర్‌వెయిట్,” అన్నాను.

జూలై 21, సోమవారం

పదికి ఇన్నని మార్కులు వేస్తున్నాను. నిష్పక్షపాతంగా.

చూపుకు బెంగళూరుది తొమ్మిది. తిలగంది ఆరు, మరీ ఆవపిండి రంగు. ఉచితంది రెండు. నేర్చుకోవడం సులువా అంటే తిలగంది తొమ్మిది. సౌభాగ్యమక్క ఒక్క పూటలో నేర్చుకుంది. బెంగళూరుది నాలుగు. కబురంపితే పలుకుతారా అంటే తిలగంది పది. బెంగళూరుకు ఫోను చేస్తే ఒక పాట వినిపిస్తుంది, పాట బాగానే ఉంటుంది. ఉచితానికి సున్నా.

తరువాత తిలగం కంపెనీకి ఇంకొక మార్కు కలిపాను, బస్సులో వచ్చినందుకు. తరువాత కొట్టేశాను. తరువాత మళ్లీ వేశాను. నిష్పక్షపాతం అంటే అంత తేలిక కాదు.

జూలై 25, శుక్రవారం

ఇవాళ అసలైన పరీక్ష పెట్టాను. పెద్దవాళ్లకు తీరిక లేక చీటీ మీద ఏమీ తేల్చకపోతే ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

బెంగళూరుది ముందు గుర్తుచేస్తుంది. ఊరుకోకుండా మళ్లీ మళ్లీ గుర్తుచేస్తుంది. ఆ తరువాత పై అధికారికి ఫిర్యాదు పంపుతుంది. ‘సీతాపతి గారి పై అధికారి పేరు నింపండి’ అని అడిగింది. పెద్దమ్మ పేరు నింపుదామని చెయ్యి దాకా వచ్చింది గానీ ఆపుకున్నాను.

ఉచితంది ఏమీ చేయదు. చీటీ అక్కడే పడి ఉంటుంది, పడి ఉందని కూడా ఎవరికీ చెప్పదు.

తిలగంది గడువు అడుగుతుంది. గడువులోగా ఎవరూ వద్దనకపోతే సరేనన్నట్టు తీసుకుని తరువాతి మెట్టుకు పంపుతుంది. ఎంత పెద్దమనసు! వద్దంటే ఎర్ర బటన్ ఉంది కదా, నొక్కితే సరి. నొక్కలేదంటే వద్దని కాదనేగా అర్థం. ఇంత తేలికైన సంగతి మా బజారుకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో. పదికి పది వేశాను.

ఆగస్టు 6, బుధవారం

పెదనాయన ట్రయల్‌కు ఒప్పుకున్నారు. పచ్చసిరా సంతకం! తిలగం పొద్దున్నే వచ్చి అంతా అమర్చింది. పెదనాయన బల్ల మీద కొత్త తెర పెట్టాం. ప్రతి చీటీ పక్కన పచ్చ బటన్, ఎర్ర బటన్. గడువు మూడు రోజులు పెట్టాను. “ట్రయల్ కదా, ఆర్డర్లు పంపే చోట ఉత్తుత్తి ఈమెయిలు పెట్టు,” అంది తిలగం. నేను నిజమైనవే పెట్టాను. ఉత్తుత్తి పెళ్లికి ఉత్తుత్తి పప్పన్నం పెడితే ఏం తెలుస్తుంది?

ఆగస్టు 12, మంగళవారం

రాయి కింద ఉన్న పాత చీటీలన్నీ కూడా ఎక్కించాను. యంత్రానికి కొంచెం మేత పడాలి కదా.

నాదీ ఎక్కించాను. పరీక్ష కోసమే.

ఆగస్టు 14, గురువారం

పెదనాయన తెర ముందు కూర్చుని ఒక్కొక్క చీటీ చదివారు. కొన్నిటికి పచ్చ నొక్కారు. ఎర్రదాని జోలికి పోలేదు. మిగిలినవాటిని అలాగే వదిలేసి కుర్చీలో వెనక్కి వాలి, “బాగుండాదమ్మా. ఎవుర్నీ ఏమీ అనే పనిలే,” అన్నారు.

ఆయనకు నచ్చింది! రేపటి నుంచి ఆదివారం దాకా అంగడికి సెలవు. చాలా సంతోషంగా ఉన్నాను.

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ అంగట్లో జరిగింది వరసగా రాస్తాను, నవ్వు ఆగితే.

తాళం తీసి కంప్యూటర్లు వేయగానే సౌభాగ్యమక్క కేక పెట్టింది. భజన గుంపుతో కాశీ పోవడానికి నెల సెలవు కావాలని ఆమె ఎప్పుడో రాసిన చీటీ. ‘ఆమోదించడమైనది’ అని వచ్చింది. అక్క పరుగున వెళ్లి పెదనాయన కాళ్ల మీద పడింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. కానీ కాళ్ల మీద పడి ఏడుస్తున్న మనిషితో, దీపం ముందు, లేదని ఎలా అంటారు? “సరే సరే, బాగుండు,” అన్నారు.

వెనకే ఇరుసప్పన్ వచ్చాడు. టెంపోలో పెద్ద స్పీకర్లు కావాలన్నది అతని చీటీ. వాటిని బిగించేవాడికి ఆర్డరు కూడా తానే వెళ్లిపోయింది. “ఇన్నేళ్ల తరువాత కరుణించారు మొదలాళీ!” అని పెదనాయన చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. “సరే సరే,” అన్నారు పెదనాయన. ఆ గొంతు కొంచెం సన్నబడింది.

నేను నా తెర తెరిచాను. ‘సేదరపేట్ డిపో బాధ్యత: జనని. ఆమోదించడమైనది.’

పెయింటు డబ్బాల వెనక్కి వెళ్లి ఎవరికీ కనబడకుండా గెంతాను. గడువు దాటితే యంత్రమే పంపిందని నాకు తెలుసు. అయితే ఏం? ఆయన వద్దనలేదు కదా. వద్దనుకుంటే ఎర్ర బటన్ చేతి కిందే ఉంది కదా.

ఆగస్టు 20, బుధవారం

లారీ వచ్చింది. గులాబీ రంగు వాష్ బేసిన్లు. కడలూరు ఏజెంటు ఎన్నాళ్లుగానో బతిమాలి రాయించిన చీటీ అది. లారీ నిండా గులాబీ రంగే. వీధి వీధంతా వచ్చి చూసింది.

పెదనాయన ఒక బేసిన్ పక్కన నిలబడి నన్ను పిలిచారు.

“ఎవురమ్మా దీనికి సరేనన్నింది?”

“మీరే, పెదనాయనా.”

“నేనా? నేను నోరే తెరవలే!”

“అదే... మూడు రోజులు ఏమీ అనకుంటే సరేనన్నట్టని పెట్టినా.”

ఆయనకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. ఆశ్చర్యపోయారు. “ఏమీ అనకుంటే సరేనా? యాడ నేర్చుకున్నావమ్మా ఇది? ఈ ఇంట్లోనే కదా పుట్టినావు?”

నాన్న కౌంటరు వెనక నేల చూపులు చూస్తున్నారు. మధ్యాహ్నం ఉదయన్న వచ్చాడు. ఉదయకుమార్, పెదనాయన కొడుకు. కోపం లేదు, తికమకగా ఉన్నాడు.

“ఏంది జననీ, డిపో నీకని మెయిలొచ్చిండాది? నాయన నాకిస్తానని చెప్పి ఏడాది అయితా ఉండాదే. నీకు తెలీదా? అందురికీ తెలుసే!”

“ట్రయలన్నా, ట్రయల్,” అని నవ్వాను. నా చీటీని మళ్లీ వెనక్కి, పెదనాయన తెర మీదికి పంపేశాను.

ఆగస్టు 21, గురువారం

తిలగం వచ్చింది. బేసిన్లు చూసి మెట్ల మీద కూలబడి నవ్వింది. తరువాత గడువు నిబంధన తీసేసి, “ఆయన ఎర్రది ఎందుకు నొక్కరు?” అని అడిగింది. రాయి సంగతి చెప్పాను.

“పేపర్‌వెయిట్ అన్నావే పాపాత్మురాలా!” అని నా వీపు మీద ఒకటి వేసింది. అంతలోనే ఆమె కళ్లు మెరిశాయి. “మూడో బటన్ పెడతాను. బూడిదరంగులో. అది నొక్కితే చీటీ నిశ్శబ్దంగా మాయమైపోతుంది. ఔనని పోదు, కాదని పోదు, ఎవరికీ ఏ కబురూ వెళ్లదు. ఇది ఏ పెద్ద కంపెనీ వాడి దగ్గరా లేదు!”

మధ్యాహ్నానికి తయారుచేసేసింది. పెదనాయన ముఖం వెలిగిపోయింది. “ఇదీ పని అంటే!” అన్నారు. ఎలా ఉంటుందో చూపించడానికి తిలగం వరసలో పైన ఉన్న చీటీ మీద బూడిద బటన్ నొక్కింది. చీటీ కొంచెం వెలిసిపోయి, ఇంకొంచెం వెలిసిపోయి, లేకుండా పోయింది. “ఎంత శుభ్రంగా పోయిందో చూడండి!” అంది. పైన ఉన్నది నాదేనని ఆమెకు తెలియదు. పెదనాయనకు తెలుసు. ఆయన నా వైపు చూడలేదు.

బస్టాండులో ఎక్కిస్తుంటే తిలగం, “ఈ ఊళ్లో మా కంపెనీకి మనిషి కావాలి. నువ్వొస్తావా?” అంది.

“నాకు డిపో ఉంది,” అన్నాను. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

ఆగస్టు 22, శుక్రవారం

ఈరోజు ఏమీ రాయను.

ఆగస్టు 23, శనివారం

అమ్మను అడిగాను. “డిపో నాకు రాదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“నువ్వు అంత సంతోషంగా ఉంటివే,” అంది అమ్మ.

ఏడ్చాను. బాగా ఏడ్చాను. కోపం పెదనాయన మీద కాదు, అమ్మ మీద కాదు. రాయి కిందికి పోవడమంటే ఏమిటో వీధిలో పిల్లలకు కూడా తెలుసు. టై అబ్బాయిని చూసి పాపం అన్నదాన్ని నేనే. మూడు రోజుల గడువు పెట్టింది పెదనాయనకు తీరిక లేదని కాదు. ఆయన మౌనానికి ఇంకో అర్థం కావాలి, మనుషులెవరూ ఆ అర్థం చెప్పరు, అందుకని యంత్రంతో చెప్పించుకున్నాను.

తిలగానికి ఫోను చేసి మూడో బటన్ తీసేయమన్నాను. “పిచ్చా నీకు? దాన్ని ఊరూరా అమ్మొచ్చు!” అంది. “ఊరూరా అమ్ముకో, మా అంగట్లో వద్దు,” అన్నాను. ఏడ్చాక ఆకలేసింది. ఊతప్పాలు తిన్నాను.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున పెదనాయన దీపం పెట్టి కుర్చీలో కూర్చోగానే వెళ్లి నిలబడ్డాను. నా చీటీ కొత్తగా రాసి మళ్లీ తెర మీదికి ఎక్కించాను. బటన్లు రెండే.

“పెదనాయనా, నాది ఉండాది. ఏదో ఒకటి నొక్కండి.”

ఆయన తెర చూశారు, రాయి చూశారు, దీపం చూశారు. “ఇప్పుడే కదమ్మా దీపం పెట్టింది,” అన్నారు.

“లోపల అనలేరు కదా, బయటికి రండి.”

వచ్చారు! చెప్పులేసుకుని వెంట వచ్చారు. వీధి మొదట్లో టీ అంగడి దగ్గర ఆగబోతే తల అడ్డంగా తిప్పారు. “ఇదీ అంగడే కదా. వాడి లక్ష్మిని మనమెందుకు తరమాల?” అన్నారు. సరేనని నడిచాం. ప్రతి పది అడుగులకూ ఎవరిదో ఒక అంగడి, లోపల ఒక దీపం. అలా నడిచి నడిచి బీచి దాకా వెళ్లాం. రాళ్ల గోడ మీద కూర్చున్నాం. ముందు సముద్రం తప్ప ఇంకేం లేదు.

పెదనాయన పంచె సర్దుకున్నారు. దగ్గారు. సముద్రం వైపు చూస్తూ, “ఇయ్యనమ్మా,” అన్నారు. తరువాత నా వైపు తిరిగి, ఆ మాట నాలిక మీద బరువు చూసుకుంటున్నట్టు, “లేదు,” అన్నారు.

గుండెలో కలుక్కుమంది. ఆ వెంటనే, ఎలా చెప్పను, ఎన్ని నెలలుగానో ఎత్తి పట్టుకున్న చేతిని దించినట్టయింది.

“ఎందుకు పెదనాయనా?”

“ఉదయకు మాటిచ్చినా. నువ్వు చీటీ ఇయ్యకముందే.”

“అదొక్కటేనా?”

“ఆడపిల్లవి. ఆ లారీలోళ్లతో, ఫ్యాక్టరీలోళ్లతో యాడ పడేది నువ్వు? నాకు భయమేస్తాది,” అన్నారు.

“అది తప్పు పెదనాయనా.”

“తప్పా?”

“తప్పే. నేను పడగలను. ఉదయన్నకు మాటిచ్చినారు సరే, ఇది మాత్రం తప్పు.”

పెద్దవాళ్లతో అలా మాట్లాడటం నాకు అదే మొదలు. ఆయన వాదించలేదు. “చీటీ రాయి కింద పెట్టిన రోజే నీకు చెప్పుంటే బాగుండు. నీ ముఖం చూసి నోరు రాలే,” అని మాత్రం అన్నారు. కాసేపటికి తేరుకుని, “అంగట్లోనే ఉండమ్మా. కంప్యూటరంతా నువ్వే చూసుకో. నీకేం తక్కువ చేస్తా?” అన్నారు.

ప్రేమగానే అన్నారు. పోయిన నెలైతే ‘చూస్తాలే’ అని తలొంచుకుని, ఏళ్ల తరబడి ఆ కుర్చీలో బిల్లులు కొడుతూ ఉండిపోయేదాన్ని.

“లేదు పెదనాయనా. నేను తిలగం కంపెనీలో చేరతా. ఈ ఊరు నేను చూసుకుంటా.”

ఆయన ఉలిక్కిపడ్డారు. “ఇంత సీక్రమా? కొంచెం సేపు ఆలోచించినట్టన్నా ఉండకూడదా?” అన్నారు. నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి ఆయనా నవ్వారు. పొద్దుటి నడకకు వచ్చినవాళ్లు ఆగి చూసేంత నవ్వు నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూ నాకు ఏడుపొచ్చింది. ఆయన భుజం మీది తువ్వాలు ఇచ్చారు.

తిరిగి వస్తుంటే మెల్లిగా అడిగారు. “ఆ బూడిద బటను... నా ఒక్కడికన్నా పెట్టమని చెప్పకూడదా?”

“లేదు.”

“మళ్లీ అంటా ఉండావు!” అన్నారు.

సెప్టెంబరు 1, సోమవారం

నా నివేదిక ఇచ్చేశాను. మూడింటిలో తిలగంది మేలు, రెండు బటన్లతో, గడువు లేకుండా. అయితే ఆ కంపెనీలోనే చేరుతున్నాను కాబట్టి నా ఒక్కదాని మాట నమ్మొద్దని కింద రాశాను. పెదనాయన చదివి పచ్చ నొక్కారు.

శనివారం ఒకసారి ఎర్రది కూడా నొక్కారట. ఉదయన్న చెప్పాడు. నొక్కి, లేచి వీధిలోకి వెళ్లి, కాసేపు నిలబడి వచ్చారట. చీటీ రాసినవాడు ‘సరే సార్’ అని ఇంకో చీటీ రాయడానికి వెళ్లాడట. అంతే జరిగిందట. పెదనాయనకు కొంచెం నిరాశగా కూడా ఉందేమోనన్నాడు ఉదయన్న.

సౌభాగ్యమక్క కాశీలో ఉంది. ఇరుసప్పన్ టెంపో అరియాంకుప్పం వంతెన మీదుండగానే అంగట్లోకి వినబడుతోంది. బేసిన్లు కొన్ని ఒక గెస్ట్‌హౌస్ వాళ్లు కొన్నారు. మిగతావి అలాగే ఉన్నాయి, వాటిని ఎవరూ కొనరు.

సాయంత్రం నా వస్తువులు సంచీలో వేసుకుని పెదనాయన దగ్గరికి వెళ్లాను. నాన్న కూడా కౌంటరు వదిలి వచ్చి నిలబడ్డారు. ఇంత నేర్చుకున్నదాన్ని, ఉన్నదున్నట్టు ‘పోతున్నా’ అనాలి నిజానికి. నోరు రాలేదు.

“పోయొస్తా, పెదనాయనా,” అన్నాను.

ఆయన నన్ను అనుమానంగా చూశారు. “ఎప్పుడొచ్చేది? అదీ తెల్లంగా చెప్పేసి పో.”

“రేపు సాయంకాలం. కాఫీకి.”

“సరే,” అన్నారు.